రజను

సుల్తాన్ బజార్ మలుపుల
మెట్రో నీడకు నా గొడుగు.
గొడుగు కింద నేను, ఆకురాళ్ళ డబ్బా,
తీగకు గుచ్చిన మూడువందల మొద్దుచెవులు,
ఇంకా ఏ తాళానికీ పుట్టనివి.

పొద్దుమూకంగనే డబ్బా కట్టి
బూడిద, చింతపండు కలిపి చేతులు రుద్దుకుంట.
ముమ్మారు.
గోళ్ళ సందులు సుత, చీపురుపుల్లతోని.
మా నాయిన గట్లనే. వాళ్ళ నాయిన గట్లనే.
సబ్బున్నది గదా అంటే
"సబ్బుకు ఇనుము పోదు బిడ్డా" అనేది నాయినమ్మ,
ఇంక తలుపు దగ్గరికేసి చెప్పేది.

ఈదయ్య అని ఒకడుండె మనింట్ల.
పుత్లీబౌలి కాడ కొలిమి.
కుడిచేతి చిటికెనవేలు సగమే.
దొర ఉండే కోఠీల, తోట తలుపుకు
సీమ నుంచి వచ్చిన తాళం;
నెలకోపారి దాని నోట్లె నూనె పోసే కూలి ఆయనది,
తుపాకి పట్టిన సిపాయి ముంగట.

దేశం అంటుకున్న ఏడు.
ఎవరో వచ్చి కొలిమి కాడ కూసున్నరు.
పేరు చెప్పలె. ఒక్క మాట అడిగి పోయిన్రు.
తెల్లారి నూనెకు పోయిన ఈదయ్య
సద్దిమూటల జొన్నపిండి ముద్ద, పచ్చిది.
నూనె దిగిందా తిప్పి చూడమని
చెవి చేతికిచ్చి సిపాయి అటు తిరిగి తుమ్మిండు.
ఆ తుమ్మంత సేపే.

పదకొండు రాత్రులు గీకిండు.
కొలిమి ఊదలె, మంట కనబడుతదని.
దీపం పెట్టలె.
ఒక్కొక్క పంటిని నాలుకతోని తడిమి చూసుకునేటోడంట.
నాయినమ్మ ఈడ ఆగి
తన బోసినోట్ల నాలుక తిప్పుకునేది.

పన్నెండోనాడు మాపటీలి
బజారుకు బజారే కోఠీ మీదికి పోయింది.
చెవి కోసం ఎవడాగిండు?
గొడ్డళ్ళు పడ్డయి తలుపు మీద.
తాళం తాళంలెక్కనే ఉన్నది, చెక్క చీలింది.
గుంపు ఎనకాల ఈదయ్య,
పిడికిలి పైకెత్తి,
"ఆగున్రి, నా కాడున్నది, నా కాడున్నది" అని
గొంతు పోయేదాక మొత్తుకున్నడంట.
ఫిరంగి మోతల ఎవరికినబడ్డది.

తెల్లారి ఇల్లిల్లు తిరిగి చేతులు చూసిన్రు.
చెవి దొరకలె. బావిల ఏసిండో, మింగిండో.
అరచేతి గీతల్ల మాత్రం
ఇనుపరజను చెమటకు తుప్పువట్టి
గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగ.
కమ్మరోని చెయ్యి ఎర్రగుండదా, అన్నది పెండ్లాం బాలవ్వ.
పదకొండు రోజులాయె కొలిమి ఊదక,
ఎట్లెర్రగైంది మరి, అన్నడు
పక్కింటాయన. అడగకముందే.

ఆ పక్కింటాయన పేరు నాయినమ్మకు ఎరికె.
చెప్పలె. వాళ్ళ పిల్లలు మన పిల్లలు
ఒక్కకాడ ఆడుకుంటున్రు అనేది.

తర్వాత కథ లేదు.
సముద్రం అవతలికి అన్నరు కొందరు,
మూసీ ఇసుకల అన్నరు కొందరు.
ఏ కాగితంల పేరు లేదు,
నాకొచ్చిన చదువుకు దొరికినంత మేర.
ఉన్నదల్లా గీ బూడిద, గీ చింతపండు.

మొన్న ఒక పిల్ల వచ్చింది,
కాలేజీ వదిలేటి యాళ్ళకు.
బస్సులన్నీ పోనిచ్చి, గొడుగు కిందికి వంగి
సబ్బుబిళ్ళ తీసింది చున్నీల నుంచి.
దాని మీద చెవి అచ్చు.
అసలుచెవి లేనిది నేను కొట్టను.
స్టేషనోళ్ళు రాసిచ్చిన అట్ట గొడుగుకే కట్టి ఉన్నది.
ఎవరి పెట్టె? అన్న.
"నాదే. సర్టిఫికెట్లున్నయి అండ్ల.
మా అన్న తాళమేసిండు.
ఎల్లుండి చూపియ్యాలె, నౌకరికి."

చాయ్‌బండి కాడ కానిస్టేబుల్
అటు తిరిగి బిస్కెట్ ముంచుతుండు.
ఒక్క చాయ్ అంత సేపు.

గీకిన. సబ్బు మీద పెట్టి చూసిన.
ఎందుకో తెల్వదు,
నాలుక మీద కూడా పెట్టి చూసిన.
"పట్టకపోతే మల్లరా" అన్న.
పైసలియ్యబోతే, పట్టినంక ఇయ్యి అన్న.

ఇంకా రాలె.

ఆ రాత్రి
చేతులు రుద్దుకోకుంటనే అన్నం ముందట కూసున్న.
మా ఆమె చూసింది, ఏమనలె.
బువ్వల ఇత్తడి వాసన.
మంచిగనే ఉండె.